ఎన్నో నంబరు వైరు

రెండు లీటర్ల నీళ్లు దిగడానికి
ఒక పూట పడుతుంది.
అనంతపురం బోరునీళ్లు మరి.
కాయిల్ మీద తెల్లటి పొలుసులు కడతాయి,
వారానికోసారి యాసిడ్‌లో నానేసి గీకాలి.
అటెండర్ ఓబిలేసు నవ్వుతాడు:
"మా నాయన పండ్లనే తినేసిన నీళ్లు పాపా,
నీ కాయిలొక లెక్కా!"

నాకు కావలసింది ఏ ఊరి రుచీ లేని నీళ్లు.
అందులో కాపర్ క్లోరైడు వేస్తాను.
మైలుతుత్తానికి చెల్లెలి రంగు.
తర్వాత మైనంలా జారే అమీను,
దాని వాసన బస్సులో కూడా నా చున్నీని వదలదు.
చివర గ్లూకోజు.
ఎండదెబ్బ తగిలినవాళ్లకు గ్లాసులో కలిపిచ్చేదే,
ఇక్కడ మిల్లీగ్రాముల్లో తూచాలి,
ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టి.

రాత్రంతా తిప్పితే నీలం పాలవుతాయి.
పొద్దున నూరు డిగ్రీల నూనెలో పెట్టి
ఆరుగంటలు
కళ్లప్పగించి కూర్చోవాలి.

నాయన కళ్యాణదుర్గం రోడ్డులో మోటార్లు వైండింగ్ చేస్తాడు.
బోరు అడుగంటి, మోటారు ఉత్తగాలి మింగి కాలిపోతే
రైతు దాన్ని బండి వెనక కట్టుకొచ్చి
శవాన్ని దించినట్టు దించుతాడు.
నీళ్లు లేని ఏడే మాకు గిరాకీ.
ఈ మాట నాయన ఎప్పుడూ పైకి అనలేదు,
ఆ ఏడే మా అమ్మ నాకు కాలేజీ ఫీజు కట్టింది.

చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరు పిలిచినా పలకడు.
ఒక చుట్టు తప్పితే
మూడొందల అడుగుల లోతున, చీకట్లో,
ఎవరికీ కనపడని చోట అది కాలుతుంది.

నా లెక్క ఏడుసార్లు తప్పింది.
ఒకసారి నాలుగో గంటలో కరెంటు పోయింది.
ఒకసారి బీకరు సరిగ్గా కడగలేదు.
మిగతా ఐదూ ఎందుకో తెలీదు.
తీగలు రావాల్సిన చోట
ఉత్త రాగి ఇసుక.

రాగి అణువుకు ఎటుబడితే అటు అతుక్కోవాలని ఆత్రం.
అమీను పక్కలన్నీ ఆక్రమించి కూర్చుంటుంది,
రైల్లో తువ్వాలు వేసిన సీట్లలాగా.
ఇక మిగిలింది కొస ఒక్కటే,
అక్కడే అతుక్కోవాలి, అక్కడినుంచే పొడుగవ్వాలి.
నాయన తీగను ఫ్యాక్టరీలో బెజ్జంలోంచి ఈడ్చి సన్నం చేస్తారు.
దీన్ని ఎవరూ ఈడ్వరు.
నీళ్లలో తనంతట తనే
సన్నంగా పుడుతుంది.

ఎనిమిదోసారి
నీలం మొదట చెరువు బురదయింది.
నేను టీకి పోలేదు.
ఐదో గంట దాటాక అడుగునుంచి ఎరుపు లేచింది,
చింతపండుతో తోమిన చెంబు ఎరుపు.
ఓబిలేసు అద్దాలు తుడుచుకుని చూసి
"కుదిరినట్టుండాదే" అన్నాడు, మెల్లగా,
గట్టిగా అంటే చెదిరిపోతుందేమోనన్నట్టు.

తిరుపతినుంచి మైక్రోస్కోపు ఫోటో వచ్చింది.
చిక్కుపడిన వెంట్రుకల ఉండలాగుంది.
షాపుకు తీసుకుపోయాను.
నాయన చేతులు కిరసనాయిలుతో కడుక్కుని
అంచులు పట్టుకుని చూశాడు.
"ఎన్నో నంబరు వైరు?"
"నంబరు లేదు నాయనా.
వెంట్రుకను రెండువేల చీలికలు చేస్తే
అందులో ఒకటి."
చాలాసేపు ఏమీ అనలేదు.
గోటితో ఒకచోట చూపించి
"ఈడ వంగింది" అన్నాడు.
ఆ తర్వాత అడిగాడు:
"ఇంత సన్నందానికి ఎనామిల్ యాడ పూస్తావు పాపా?"

మా మేడం కూడా అడగలేదు ఆ మాట.

మిగిలిన ఎర్రనీళ్లు చిన్న సీసాలో పోసి ఇచ్చాను.
అగరబత్తి స్టాండు పక్కన, కార్బన్ బ్రష్షుల డబ్బా మీద పెట్టుకున్నాడు.
తొమ్మిదోరోజుకు ఎరుపు వెలిసింది,
పన్నెండోరోజుకు పాచిరంగు.
నాకు ముఖం చెల్లలేదు.
"పూత లేని తీగ," అన్నాడు, "గాలి ఊరుకుంటాదా?"
సీసా మాత్రం తీయలేదు.

ఈలోగా శింగనమలనుంచి ఇంకో మోటారు దిగింది.
స్లాట్లు తుడిచి, తీగ కొస పళ్లతో పట్టి
లెక్క మొదలుపెట్టాడు.
పూతగురించి నాకొక ఆలోచన వచ్చింది.
నిమ్మరసంలో ఉండేదేదో
వెతికి చూడాలి.
చెప్పబోయి
ఆగాను.
ముప్పై ఏడు,
ముప్పై ఎనిమిది.